ఏడు నిమిషాల రేవు

దొనూసా రేవులో ఓడ ఆగేది ఏడు నిమిషాలు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఏడు నిమిషాలూ నావి.

చీకట్లో ముందు దీపం కనపడదు,
ఇంజను మోత రాళ్లలోంచి అరికాళ్లకి ఎక్కుతుంది.
తర్వాత గొలుసులు కిర్రుమంటాయి,
ఓడ వెనక తలుపు ఆవులించినట్టు దిగుతుంది.
పైనించి సన్నతాడు విసురుతారు.
దాన్ని లాగితే, వెనకే తడిసిన మోకు
చూలు గొర్రెంత బరువుతో చేతుల్లో పడుతుంది.
ఇనప గుంజకి రెండు చుట్లు. అంతే.
చూసేవాళ్లు అంతే అనుకుంటారు.

నెలకోసారి దిగే పళ్ల డాక్టరు
మొహం పాలిపోయి, తన పళ్లే బిగబట్టుకుని.
నాక్సోస్ నుంచి ఒక బీరువా అద్దం,
దాని మీద సుద్దముక్కతో "స్మరాగ్ద" అని
(ఇంటిపేరు దేనికి, మాకున్నది ఒక్క స్మరాగ్దే).
తేనెపెట్టెలు, మూతలకి తడిగుడ్డలు చుట్టి.
ఒకసారి ఓట్ల పెట్టె, దానికి కాపలాగా ఒక పోలీసు,
వాంతులు చేసుకుంటూ కూడా పెట్టె వదల్లేదు పాపం.
ఒకసారి మా అమ్మ, సీరోస్ ఆసుపత్రి నుంచి.
సరుకు రశీదు మీద సంతకం నేనే పెట్టాను.

ఉత్తరపు గాలి పట్టిందంటే నాలుగు రోజులు ఓడ లేదు.
కొట్లో టమాటాలు అయిపోతాయి,
తర్వాత సిగరెట్లు, తర్వాత మాటలు.
అయిదో రోజు ఊరంతా రేవుకొస్తుంది,
దిగేవాళ్లు ఎవరూ లేకపోయినా.

ఇవాళ ఎక్కేది నేను.
కళ్లలో విరిగిన పాలలాంటిది పేరుకుంది,
గురువారం సీరోస్‌లో కోసి తీస్తారట.
మోకుని కల్లిర్రోయికి అప్పజెప్పాను,
రొట్టెలకొట్టు పిల్ల, పదిహేడేళ్లు.
జీవితంలో మొదటి టికెట్టు కొన్నాను.
సరంగు చూసి నవ్వాడు: "అనార్గిరే, నీకూ టికెట్టా?"
చించకుండా తిరిగి నా జేబులో పెట్టాడు.

వెనక కటకటాలు పట్టుకుని నిలబడ్డాను.
పిల్ల మూడు చుట్లు వేసింది.
రెండు చాలే అని అరిచాను,
ఇంజను నా గొంతు మింగేసింది.
మూడో చుట్టు విప్పడానికి తడబడింది,
సరంగు బూతు తిట్టాడు, నాకు తిట్టినట్టే ఉంది.
మోకు నీళ్లలో పడింది.
మా ఊరి దీపాలు పదకొండని నాకు తెలుసు,
కళ్లకి మాత్రం ఒకటే పసుపు మరక.
వంటింటి దీపం ఆర్పానో లేదో గుర్తు రాలేదు.

కింద గదిలో టీవీ శబ్దం లేకుండా ఆడుతోంది.
ఒకావిడ బుట్టలో మేకపిల్ల,
దాని చెవి నా మోకాలికి తగులుతూ ఉంది,
ఇద్దరం కదల్లేదు.

గంట దాటాక కూఫోనీసి.
పరుగున పైకెళ్లాను. ఎందుకో చెప్పాలి.
ఓడ ఇటునుంచి వచ్చే రోజుల్లో
ఈ రేవు వాడు విప్పిన మోకు, నేను పట్టుకునే మోకు ఒకటే.
గంట క్రితం అతని చేతుల్లోది నా చేతుల్లోకి.
దాని పురి ఎప్పుడూ ఎడమకి తిరిగి ఉండేది.
సరిచేస్తూ తిట్టుకునేవాణ్ని,
ఎవడ్రా వీడు, పని నేర్పినవాడు లేడా అని.
ముప్పై ఒక్క ఏళ్లు, పేరైనా అడగలేదు.

తాడు పడింది.
అలవాటుకొద్దీ నా అరచేతులు గాలిని మూసి పట్టుకున్నాయి.
కింద మసక మసగ్గా ఒక పొట్టి మనిషి
ఎడం చేత్తో లాగుతున్నాడు.
ఎడం చేత్తో చుట్టాడు.
ఓరి నీ!

"దొనూసా!" అని అరిచాను.
నేనెవరో చెప్పడానికి అంతకన్నా మాట దొరకలేదు.
అతను తలెత్తి అరిచాడు:
"అది దాటిపోయింది తాతా! ఇది కూఫోనీసి.
దిగడం మర్చిపోయావా?"

ఇక్కడ ఆగేది నాలుగు నిమిషాలేనట.