చదివేవాడికి చెప్పకు

వోల్ఖోవ్ నది గడ్డకట్టిన మూడో వారం.
చెక్కబాట పక్కన నా పీట, ఒళ్ళో బిర్చి బెరడు ముక్కలు,
ఎముక గంటం.
పొద్దుటినుంచీ అన్నీ పద్దులే:
నెఝ్కా బాకీ ఏడు ఉడుత తోళ్ళు,
జర్మను రేవు హైనెకెకి మైనం రెండు ముద్దలు.
అతను వేళ్ళమీద లెక్కపెడతాడు, నేను స్లావు అక్షరాల్లో గీస్తాను,
తిట్టుకోవడం మాత్రం ఎవరి భాషలో వాళ్ళం.

అప్పుడొచ్చాడు కరేలియా వేటగాడు, పేరు ఇహలెంపి అట,
మీసాలనిండా మంచు.
మా అన్నకి రాయాలి, మన మాటల్లోనే, అన్నాడు.

మన మాటల్లోనా!
పదకొండేళ్ళయింది అవి నా నోరు దాటి.
వాటికి అక్షరాల్లేవు నాయనా.
ఉన్నవాటితోనే సర్దు.
మీ అన్నకి చదువొచ్చా?
రాదు. ఊళ్ళో డీకన్‌కి వచ్చు.
డీకన్‌కి మన భాష?
ముక్క రాదు.
కళ్ళు చికిలించి నవ్వాడు.
ఆయన నోరు, మా అన్న చెవి. చాలదూ?

సరే, చెప్పమన్నాను.
"వెండి ఆవిరిగదిలో ఉంది. పొయ్యికి ఎడమ, మూడో రాయి కింద.
పడవ అమ్మకు.
ఇది చదువుతున్నవాడికి చెప్పకు."

నవ్వాపుకోలేక గంటం ఆగింది.
తర్వాత నిజంగానే ఆగింది.
కాలిన రాళ్ళమీద నీళ్ళు చల్లితే లేచే ఆవిరికి
మా అమ్మ అనే మాట,
పెదాలు సున్నా చుట్టి, నాలుక ముందుకి తోసి అనేది,
ఆ నోటికి సరిపడే అక్షరం నా దగ్గర లేదు.
ఒ గీశాను. కాదు. ఎ గీశాను. అదీ కాదు.
రెండూ పక్కపక్కన పెట్టి, కొట్టేసి,
బెరడు చిరిగితే ఇంకోటి తీశాను.
ఎదురుగా అతను ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు
చంటిదానికి ముద్ద పెడుతున్నట్టు.
నేనూ అన్నాను.
ఆ చలిలో, అంతమంది ముందు,
నోట్లోంచి పొగై వచ్చింది.

కూలికింద ఒక తోలిచ్చి వెళ్ళిపోయాడు.
మంచుబండి ఎన్నాళ్ళకి చేరుతుందో.
అక్కడ డీకన్ గొంతు సవరించుకుంటాడు,
సువార్త రాగంలో, తప్పులు తప్పులుగా,
తనకి చెప్పొద్దన్న సంగతి తనే చదువుతాడు.
ఆవిరి దగ్గర తడబడతాడు, నాకు తెలుసు.
అన్న తలవంచుకుని భక్తిగా వింటాడు.

రాత్రి మా ఆయన దొమజిర్ అడిగాడు,
ఇవాళ ఏం రాశావని.
పద్దులు, అన్నాను.