నూట ఎనభై ఏడో కాగితం

ఉలాన్‌బాతర్‌లో ఇవాళ మైనస్ ఇరవై ఎనిమిది.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది.
మా గదిలో వెచ్చగా ఉన్నది కంప్యూటర్ ఒక్కటే.
అది గ్రాఫ్ గీసేలోపు
దాని వెనక చేతులు పెట్టి కాచుకుంటాను.

మెనూలో బాక్స్‌ప్లాట్ నొక్కాను.
అడ్డంగా కొండవాలు మీది నాలుగు వార్డులు,
నిలువుగా
నీళ్లు తేవడానికి రోజూ పోయే నిమిషాలు.

నాలుగు పెట్టెలు లేచి నిలబడ్డాయి.
ఒక్కో పెట్టెలో సగం మంది సర్దుకుని కూర్చున్నారు,
పావు మంది పై మీసం పట్టుకుని,
పావు మంది కింది మీసానికి వేలాడుతూ.
నడుమ నల్లగీత, మధ్యగతం,
ఇటు ఎందరో అటూ అందరే ఉన్న చోటు చూసి నిలబడింది,
తగువు తీర్చే పెద్దమనిషిలా,
ఎవరి ఇంటికీ భోజనానికి పోకుండా.

మూడో పెట్టె మీద మాత్రం
చాలా ఎత్తున, ఒక్కటే నక్షత్రం.
పక్కన చిన్న అంకె: 187.

లువ్సన్‌దోర్జ్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"చెయ్యి జారింది నీకు" అన్నారు.
"ముప్పై ఒకటి పక్కన సున్నా అదనంగా పడింది.
రోజుకి మూడువందల పది నిమిషాలు
నీళ్లు మోసేవాడు ఎవడుంటాడు?
తీసెయ్."

పదకొండేళ్లుగా అంకెలు కొట్టి బతుకుతున్న వేళ్లివి.
జారితే జారి ఉండొచ్చు, కాదనను.
కానీ సున్నాను చంపే ముందు
కాగితం మొహం చూడాలి కదా.

బీరువా తెరిస్తే బొగ్గుపొగ వాసన.
గుడారాలు కాగితాలను ఇంకా వదల్లేదు.
ఉరంచిమెగ్ చేతిరాత, అంతా పెన్సిలే,
ఆ చలిలో పెన్నులో సిరా గడ్డకడుతుంది.

పేరు, ఒచిర్. వయసు, పందొమ్మిది.
నీళ్లకు, 310.
అంకె కింద రెండుసార్లు గీత.
మేం నమ్మమని ఆమెకు ముందే తెలుసు.
మార్జిన్‌లో చీమల బారులాగా:
"పై వరుస అయిదు గుడారాలకూ ఇతనే తెస్తాడు.
ఆ ఇళ్లలో మంచు మీద దిగగలిగే కాళ్లు లేవు.
తనదీ కలిపి ఆరు. ఇంటికి యాభై.
ఆఖరి విడతలో బండి చక్రం ఊడుతుంది రోజూ. అది పది."

అప్పుడు గుర్తొచ్చాయి సున్నాలు.
నూట ఎనభై రెండు నుంచి ఎనభై ఆరు దాకా
వరసగా నేను కొట్టిన అయిదు సున్నాలు.
కొడుతూ అనుకున్నాను కూడా,
అదృష్టవంతులు, కుళాయి వేయించుకున్నారు కాబోలని.

మూడో పెట్టె కింది మీసం
నేలను తాకింది వాళ్ల వల్లే.
వాళ్లను ఎవరూ అనుమానించలేదు.
మీసం లోపల ఒదిగినవాళ్లంతా
లెక్కల్లో మర్యాదస్తులే.

ఒకసారి, ఉండబట్టలేక,
నక్షత్రాన్ని తీసి చూశాను.
నల్లగీత ఉలకలేదు, పలకలేదు.
సగటు మాత్రం
భుజం మీది డబ్బా దించినట్టు
తేలిగ్గా కిందికి జారింది.
సిగ్గేసి మళ్లీ పెట్టేశాను.

పెట్టెల రంగు మార్చుకోవచ్చు.
మీసాలు లావు చేసుకోవచ్చు.
బొమ్మ మొత్తాన్ని పక్కకు పడుకోబెట్టొచ్చు.
పైనున్న ఈ చుక్క నుంచి
కిందున్న ఆ అయిదు సున్నాలకు
ఒక తాడు కట్టే మీట మాత్రం
వెతికాను, ఏ మెనూలోనూ లేదు.

ప్రింటు తీసి, ఉరంచిమెగ్ పెన్సిల్‌తోనే
అయిదు గీతలు గీసి
ఆయన బల్ల మీద పెట్టి ఇంటికెళ్లిపోయాను.

రెండు రోజులకు తిరిగొచ్చింది.
నక్షత్రం అక్కడే ఉంది, కొట్టివేత లేదు.
గీతల పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్న,
దిద్దుబాట్ల చేతిరాతలో కాదు, మామూలుగా:
"చక్రం బాగుచేయించుకున్నాడా?"

ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను.
ఆ గడి మేం పెట్టలేదు.