రోల్ నంబరు నూట పదమూడుకు

ఓదేలూ,
నీ మొఖం నేనెన్నడు చూడలె.
ఫోను మీద బూడిద రంగు బిళ్ళ,
నడుమ ఒక్క అక్షరం, ఓ.
పిలిచినట్టూ ఉంటది,
పిలిస్తే పలికినట్టూ ఉంటది.
నెలన్నర నుంచి ఆ బిళ్ళ కనవడ్తలేదు.

నేను సారక్కను, నీ ముందు నంబరు.
ఎనుమాముల యార్డుల మిర్చి అడ్తిల చిట్టా రాస్త.
ముప్పై ఆరేండ్లకు బీకాం ఏందని
మా సేటు ఇప్పటికీ తుమ్ముకుంట నవ్వుతడు.
(ఇక్కడ అందరం తుమ్ముకుంటనే నవ్వుతం,
తేజ కాయ ఘాటు అసొంటిది.)

మొదటి పరీక్షల నాకు ముప్పై ఒకటి.
పాఠాలన్ని ఇన్న గద, ఎట్ల తప్పిన అని ఏడ్చిన.
ఇన్నది నిజమే.
ఒక చెవుల సారు, ఒక చెవుల లారీ హారను,
చేతుల కూర గంటె.
ఫోను చదువుకున్నది, నేను గాదు.

గప్పుడు నా దినమంత కాంటా మీద పెట్టి చూసిన.
తెల్లారి నాలుగున్నర,
హమాలీలు బస్తాలు దించక ముందు,
కాంటా పళ్ళెం ఉత్తగున్న యాళ్ళ,
ఒక గంట మిగిలింది.
గంటే. గని ఆ గంట ఎవలకియ్యలె,
బిడ్డకు జరమొచ్చిన రెండు రోజులు తప్ప.

పాత చిట్టాల ఎనుక పేజీలల్ల
సారును ఆపి ఆపి రాసిన.
బడిల మమ్ముల నిలవెట్టిన సార్లనే ఎరుగుదు గని
నా బొటనేలు కింద నిలవడ్డ సారును
గిప్పుడే చూసిన.

రాసింది కొమ్మాలు మామకు చెప్పేది,
బస్తా మీద కూసొని బీడి తాగేటోనికి.
ఒకనాడు తరుగుదల చెప్పిన:
మిషిను కొంటే ఏటేటా దాని ధర తగ్గించి రాయాలె అని.
"తరుగు మాకెరికే బిడ్డా,
కాయ పచ్చిగుంటె కిలోలు గుంజుతరు.
మిషిను తడవలేదాయె,
తడవని దానికి తరుగెట్ల తీస్తవు?"
నా కాడ జవాబు లేదు.

ఆ ఆదివారం క్లాసుల
మొదటిసారి మైకు తెరిచిన.
ఎనుక ఎవలో బస్తా దులిపిండ్రు.
దగ్గు, తుమ్ము, నూట నలభై మంది ఇన్నరు.
తుమ్ముకుంటనే అడిగిన కొమ్మాలు మామ సవాలు.
సారు జరసేపు మాట్లాడలె.
"వాడిన కొద్దీ లోపలి తడి ఆరుతుందమ్మా,
మిషన్‌కైనా" అన్నడు.
మంచి జవాబే. గని నాకు యాదికున్నది అది గాదు,
కింద పడ్డ చిన్న వరుస:
"నాక్కూడ అదే డౌట్ అక్క. మందమర్రి."
ఊరు పేరెందుకు రాసినవో ఏమో,
ఆ ఒక్క మాటతోని
క్లాసుకు కింద నేల దొరికింది.

అసైన్‌మెంటు ఆఖరి రాత్రి ఇంట్ల సిగ్నల్ సచ్చింది.
కాజీపేట టేషనుకు ఉరికిన.
పది రూపాయల టికెట్టు, బెంచి,
ఉత్తపుణ్యానికి వైఫై.
తొంభై ఏడు కాడ ఆగిన గీత
బొగ్గు గూడ్సు పోయేదాక కదల్లె.
మీ దిక్కు బొగ్గే గావచ్చు,
యాభై తొమ్మిది డబ్బాలు లెక్కవెట్టిన.
ఆఖరి డబ్బా దాటంగనే పోయింది.
పదకొండు యాభై ఆరు.

మొన్న రిజల్టు. అరవై నాలుగు.
గొప్ప మార్కులేం గావు.
సేటుకు చూపిస్తె ఈసారి నవ్వలె,
తుమ్మిండు, గంతే.

నీ షిఫ్టు మారిందో, ఫోను పలిగిందో,
నీకూ ముప్పై ఒకటి వచ్చిందో నాకెరిక లేదు.
ఫైనుతోని ఫీజు ఇరవై తారీఖు దాక కట్టచ్చు.
నా చిట్టా పేజీలు పోస్టుల పంపుత,
మిర్చి మరకలుంటయి,
చదివినంక కండ్లు రుద్దుకోకు.

నాలుగున్నరకు నేను ఎట్లనో లేస్త.
నీకు రింగిస్త.
ఎత్తకున్నా సరే,
ఒక్క అక్షరం కొట్టు,
నీ పేరుల మొదటిదే.