నాలుగు నిమిషాల వెనక

దయామణి సిస్టర్ దాన్ని పాత పక్కదుప్పట్లో చుట్టి తెచ్చింది,
అప్పుడే పుట్టినవాణ్ణి తెచ్చినట్టు, తల కింద చెయ్యి పెట్టి.
సోల్జర్‌పేట నుంచి అల్లిపురం దాకా షేరాటోలో
లోలకం విడిగా ఒళ్ళో.

"ఆగిపోనేదు బాబూ. ఆడతంది.
రోజుకి నాలుగు నిమిషాలు ఎనక్కి పోతంది, అంతే."

మెట్ల కింద నా కొట్టు. బల్బు దించి వెనక రేకు విప్పాను.
లోలకానికి వంపు తిరిగిన అయస్కాంతం,
అది దూరి వచ్చే తీగచుట్ట, తీగ వెంట్రుకకన్నా సన్నం.
ఒక కెపాసిటర్. రెండు రెసిస్టర్లు.
నల్లరంగు పూసిన గాజుబుడ్డి ఒకటి, మూడు కాళ్ళది.
ఇంతే. ఇంత కొంచెంతో అరవయ్యేళ్ళు.

అతుకుల మీద పచ్చగా చిలుము.
"చింతపండు పెట్టి తోమారా?"
"ఇత్తడి కదేటి!"
పైన ఇత్తడి మెరుస్తోంది. లోపల పులుపు కారి తినేసింది.
మిగతాది హార్బరు గాలి.
ఈ ఊళ్ళో మేకు కూడా ఉప్పు తినకుండా బతకదు.

జబ్బు ఎక్కడో తెలిసింది.
గాజుబుడ్డి ముసలిదై కారుతోంది, తోపు చాలడం లేదు.
ఊపు తగ్గిన ప్రతిసారీ కొక్కెం ఒక పన్ను అందుకోలేక జారుతోంది.
గడియారం లెక్కలో ఆ ఊపు జరగనే లేదు.

కొత్త సిలికాన్ ట్రాన్సిస్టర్ వేశాను, రెండు రూపాయలది.
చురుకైనదే గానీ
పాయింట్ ఆరు వోల్టు దాకా ఎవరు పిలిచినా పలకదు.
అయస్కాంతం చుట్టలోకొచ్చి గొణిగేది పాయింట్ రెండు, మహా అయితే మూడు.
వేలితో గట్టిగా తోస్తే ఆడింది. తెల్లారేసరికి వేలాడుతోంది.
జెర్మేనియం అలా కాదు.
గుసగుసకే లేస్తుంది, నైట్ డ్యూటీ ఆయాలాగా.

కురుపాం మార్కెట్ వెనక జిలానీ కొట్లో
మూగపోయిన రేడియో ఒకటి తూకానికి దొరికింది, అరవై రూపాయలు.
దాని కడుపులో నాలుగు. మీటరు పెడితే ఒక్కటే ప్రాణంతో ఉంది.

వేడి తగిలితే అదీ పోతుంది.
"ఈ కాలు మీద తడిదూది అదిమి పట్టుకోండి" అన్నాను.
ఆవిడ పట్టుకున్న తీరు చూసి
నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ వణకడం మానేసింది.

దూది పట్టుకునే చెప్పింది:
నర్సింగ్‌హోమ్ మూసేసినప్పుడు మూడు నెలల జీతం బదులు
డాక్టరమ్మ ఈ గడియారం ఇచ్చిందట.
కానుపు గదిలో టైము చూసి రిజిస్టర్లో రాసింది తనేనట.
హుద్‌హుద్‌లో ఎనిమిది రోజులు కరెంటు లేకపోయినా
గోడ మీద ఇదొక్కటే ఆడిందట.
"రోజూ పొద్దున్నే వార్తలకి ముల్లు సరిచేసీదాన్ని.
రాత్రి కానుపులకి మళ్ళీ తప్పీసీది కావాల.
ఎన్నాళ్ళ బట్టి ఇలాగ?"

కొక్కెం అంచు చూశాను. అరిగిన గాడి ఏళ్ళ నాటిది.
"చాన్నాళ్ళే అయుంటుంది" అన్నాను.

సిస్టర్ వేళ్ళు లెక్కపెట్టింది. ఒక వేలు దగ్గర ఆగింది.
"విశాఖ నాలుగోపాదం అన్నారు ఒక పిల్లకి.
మరిదికి గండమని కుదిరిన సంబంధం ఒగ్గీసేరు.
మూడు నిమిషాలు ఆగితే అనూరాధ."
ఇద్దరం మాట్లాడలేదు. పొగ, ఫ్లక్సు వాసన.
"బానే ఉందిలే. పోర్టులో క్రేను నడుపుతంది.
మొన్న కనపడితే నన్నే టైమెంతని అడిగింది."

లోలకం తగిలించి వేలి కొనతో ముట్టాను.
అటు. ఇటు. చుట్ట విన్నది. తోసింది.
పన్ను పన్నూ అందుతోంది.

వారం తర్వాత ఫోను.
"బాబూ, నువ్వేం చేసేవో గానీ
ఇప్పుడిది నాలుగు నిమిషాలు ముందుకి పోతంది."
"పొద్దున్నే ముల్లు జరిపారా?"

అవతల కాసేపు టిక్కు టిక్కు.
"అలవాటు" అంది.