కదలాకండి సారూ

మెజెస్టిక్ నుంచి హోసకోటె దాకా
ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే మాట:
ముందుకు జరగండి, ఇంకా చోటుంది.
కన్నడంలో అరుస్తాను, తమిళంలో బతిమాలతాను,
తెలుగులో తిట్టుకుంటాను, లోపల.

వారపు సెలవు. హోసకోటె చెరువు గట్టు.
డిపో మెకానిక్ అరువిచ్చిన గుడారానికి
ఒక మేకు తక్కువ.
ఆ మూల తాడుకి బిసిబేళెబాత్ డబ్బా కట్టాం.
"అన్నం మన ఇంటిని ఎగిరిపోనివ్వట్లేదు నాన్నా"
అంది చారుమతి.

గంగులప్ప పుట్టి తెచ్చాడు.
ఎక్కీ ఎక్కగానే లేచి నిలబడి
కూతురికి సీటు చూపించబోయాను.
"కదలాకండి సారూ, ఇది బస్సు కాదు."
నన్ను కదలొద్దన్నవాడు
ఈ జన్మకి అతనే మొదలు.

పుట్టి ముందుకు పోదు.
తిరుగుతుంది.
తిరిగీ తిరిగీ, మనం చూడనప్పుడు
ఒడ్డుని చిన్నది చేసేస్తుంది.

మునిగిన తుమ్మమోడు మీద గూడబాతులు.
చారుమతి లెక్కకి పద్నాలుగు.
నా లెక్కకి పదిహేను.
టిక్కెట్టు లేనివాణ్ణి పట్టే కన్ను ఇది:
తల్లి రెక్క చాటున
ఒక అర టిక్కెట్టు.

గాలం వేసి గంటన్నర.
బెండు ఊగుతుంది, మునగదు.
చేపలు ఎర తినేసి
చిల్లర దిగేటప్పుడిస్తామన్నట్టు పోయాయి.
రోజూ నేను జనానికి చెప్పే మాటే అది,
ఇవాళ నాకే.

చివరికి అరచేతంత జిలేబి ఒకటి.
వదిలేద్దామా అని పిల్ల అడుగుతుందనుకున్నాను.
కారం తెచ్చావా అనడిగింది.

చీకటి పడ్డాక టార్చి వేస్తే
అవతలి గట్టున రెండు పచ్చటి కళ్లు.
కుక్కేమో అన్నాను.
నక్క, అన్నాడు గంగులప్ప, బీడీ ఆర్పుతూ.
నక్కే కావాలని ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
పైన దేవనహళ్లికి దిగే విమానం,
దాని నిండా
ఆగకముందే లేచి నిలబడే జనం.
కళ్లు మాత్రం కదల్లేదు.
టార్చి మేమే ముందు ఆర్పేశాం.

మర్నాడు పొద్దున ఐదున్నర బస్సు.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒకేసారి నలభై మంది.
అరవబోయి నోరు తెరిస్తే
పళ్ల సందున జిలేబి ముల్లు.
నాలుకతో దాన్ని వెతుక్కుంటూ
ఒక స్టాపు దాకా ఊరుకున్నాను.

జనం వాళ్లంతట వాళ్లే
కొంచెం జరిగారు.