వల కన్నులు

పాలు పొంగాయి.
ఈ వారంలో మూడోసారి.
స్టవ్ ముందే ఉన్నాను, చేతిలో గరిటె కూడా ఉంది,
చూపు మాత్రం కిటికీలోంచి దిగిపోయి
హార్బరు బయట లంగరేసిన ఓడల్ని లెక్కపెడుతోంది.
పదకొండు. కాదు, పన్నెండు.
మాడు వాసనకి లెక్క తప్పింది.
గృహప్రవేశంలో పొంగిస్తే శుభమంటారు.
ఉత్తి మంగళవారం పొంగితే
అది నేను.

వెంటనే లేస్తుంది లోపలి గొంతు:
"బుర్ర ఎక్కడెట్టావే హైమా?"
అది ఏడో తరగతి లెక్కల టీచరుదా, అమ్మదా,
పెళ్ళైన కొత్తలో ఆడపడుచుదా
ఇప్పుడు విడదీయలేను.
అన్నీ కలిసి ఒక్కటై
అద్దె కట్టకుండా నాలో కాపురముంటోంది.
నేను మరిచిపోయినవి
అది మాత్రం ఒక్కటీ మరిచిపోదు:
జగదాంబ దగ్గర ఆటోలో వదిలేసిన పట్టుచీర సంచీ,
ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన దొరికిన తాళాలు,
మద్దిలపాలెంలో దిగాల్సిన నన్ను
హనుమంతవాక దాకా మోసుకుపోయిన బస్సు,
"తెలివైన పిల్లే, కాస్త శ్రద్ధ పెడితే"
అన్న ప్రతి ప్రోగ్రెస్ కార్డూ.

పోయినేడు మహారాణిపేటలో ఒక డాక్టరమ్మ
దీనికో పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ.
ముప్ఫై ఏడేళ్ళు బద్ధకం అనుకున్నది
కొత్త పేరుతో నా పక్కనే మెట్లు దిగింది.
రోడ్డు మీద నిలబడి నవ్వాను, ఏడ్చాను,
మందుల చీటీ కౌంటరు మీదే వదిలేశానని గుర్తొచ్చి
మళ్ళీ పైకెక్కాను.

మందు మొదలైంది. గొంతు ఆగలేదు.
దాని కోసం చీటీలో ఏమీ రాయలేదు.

శనివారం బ్యాంకుకని బయల్దేరి
ఎలాగో ఫిషింగ్ హార్బర్‌లో తేలాను.
ఐసు ముక్కలు, డీజిలు వాసన, కాకుల గోల.
బోటు నీడలో కాళ్ళు చాపుకుని
కాలి బొటనవేలికి వల తగిలించి
కుడుతున్నాడొక ముసలాయన. మైలపల్లి దానయ్యట.
నీలం నైలాను మీద ఎర్రదారం మాట్లు,
మాట్ల మీద మాట్లు.
"ఇన్నిసార్లు చిరుగుతుంటే కోపం రాదా తాతా?"
"ఎవుల మీద? వల మీదా?"
సూది ఆపలేదు.
"రాళ్ళుంటాయి, పీతలుంటాయి, సిరుగుద్ది.
తిడితే అతుక్కుంటాదేటి?"

చాలాసేపయ్యాక, నేను అడక్కుండానే:
"అయినా వలంటేనే కన్నాలు గదమ్మా.
కన్నాల్లేపోతే అది గోనెపట్టా.
నీళ్ళల్లో లాగలేవు, సేతులూడిపోతాయి.
మేం వాటిని కన్నాలనం.
కన్నులంటాం."

ఆ మాటని భద్రంగా ఇంటికి తీసుకెళ్దామనుకున్నాను.
సగం దూరంలో తెలిసింది, తల మీద హెల్మెట్ లేదని.
గొంతు నోరు తెరిచింది.
దాన్ని తోసెయ్యలేదు. గెలవనూ లేదు.
"విన్నాన్లే. కూచో. వెనక్కెళ్ళి తెచ్చుకుందాం" అన్నాను,
పైకే అన్నాను, పాత పోస్టాఫీసు దగ్గర.
పక్క స్కూటీ ఆవిడ
నేను ఫోన్లో మాట్లాడుతున్నాననుకుని జరిగింది.

హెల్మెట్ ఐసుపెట్టె మీదే ఉంది.
అందులో నాలుగు కవళ్ళు, వెండిలా తళతళా.
"మరిసిపోయావనుకోలేదమ్మా" అన్నాడు దానయ్య,
"సేపలకని సంచీ ఇచ్చావనుకున్నాను."
అంత నవ్వు నాకు ఎన్నేళ్ళకొచ్చిందో
లెక్క లేదు.
రెండ్రోజులు జుట్టంతా నీచు.

ఇవాళ పాలు పొంగాయి కదా,
గొంతు వాగుతూనే ఉంది,
కాస్త దూరంగా, పక్కింటి టీవీలా.
గోడకి కొట్టిన మేకు మీంచి తడిగుడ్డ తీశాను
(ఆ మేకు నా మాటు: గుడ్డ ఎప్పుడూ అక్కడే).
స్టవ్ తుడుస్తూ తుడుస్తూ
ఓడల్ని మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాను.
పదమూడు.
ఒకటెవరో
కొత్తగా వచ్చినట్టున్నారు.