పద్దెనిమిది పౌండ్ల పడక

గోదావరిఖనిలో పదకొండేళ్లు
ఎవరెవరి పాస్‌పోర్టులకో జిరాక్సులు తీసి
ఒకరోజు మధ్యలో నాదీ పెట్టాను గాజు మీద.
వెలుగు ఇటునుంచి అటు పోయింది.

ఇక్కడ గదిలో పన్నెండు మందిమి. కిటికీ ఒకటే.
నాది పై పడక. నిచ్చెన మూడో మెట్టు కిర్రుమంటే
కిందామె దుప్పటి కదులుతుంది.
పౌండును రూపాయల్లోకి దించి చూస్తే
మంచినీళ్లు కూడా గొంతు దిగవు.
రెండోనాటికి లెక్క మానేసి
పల్లిపొడి డబ్బా మూత తీశాను.

లండన్‌లో రాజభవనాలు ఉన్నాయట, ఉండనీ.
బస్సు మేడమీద ముందు సీటు దొరికితే చాలు,
కొమ్మలు అద్దాన్ని చీపురు పెట్టి కొడుతుంటే
ఇళ్ల పై అంతస్తులు ఎదురొస్తాయి:
ఒకామె నిలబడే తింటోంది,
ఒక ముసలాయన గోడగడియారాన్ని దించి
చెవికి ఆనించుకున్నాడు.
దిగాల్సిన చోట దిగలేదు. టికెట్టు ఒకటేగా.

కిందామె పేరు యామిలెత్. బొగోటా మనిషి.
రాత్రుళ్లు ఎవరివో ఆఫీసులు తుడిచి
నేను లేచే వేళకి పడుకుంటుంది.
ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపడా.
ఆదివారం నన్ను లాక్కెళ్లింది
ఎలిఫెంట్ అండ్ కాసిల్ దగ్గర
రైలుకట్ట కింద ఇటుకల కమానులోకి.
ఏనుగూ లేదు, కోటా లేదు. అడిగితే నవ్వింది.

పెనం మీంచి మక్కరొట్టె, లోపల వెన్న.
తలమీద రైలు పోయినప్పుడల్లా
గ్లాసులు వాటిలో అవి మాట్లాడుకున్నాయి.
వేలు కాఫీలో ముంచి బల్ల మీద ఊరు గీసింది:
ఇదిగో కొండ. కొండంచున వాన, రోజూ నాలుగింటికి.
ఇది బస్సు, చేతులు పైకెత్తితే
మళ్లీ దించుకోవడానికి చోటుండదు.
ఇక్కడ గాలి పలచన. మెట్లెక్కితే కొత్తవాళ్లు
మాట మధ్యలో ఆగిపోతారు.
చక్కెర పొట్లం ఒకటి పెట్టింది దూరంగా, మట్టివీధి చివర.
ఇల్లు అనలేదు.
వేలు మాత్రం అక్కడే ఉంచింది.

ఆయాసం నాకొచ్చింది.

"మరి నీది?" అంది.
ఉప్పు పోసి బొగ్గుగని గీశాను.
తెల్లగా వచ్చింది. ఇద్దరం సర్దుకుపోయాం.
ఇంతలో పిల్లాడొకడు తడిగుడ్డతో వచ్చి
రెండూళ్లనీ ఒక్క ఊపులో తుడిచేసి
ఇంకేమైనా కావాలా అన్నాడు.

బిల్లు తనే ఇచ్చింది. గొడవపడ్డాను, ఏ భాషలోనో.
రాత్రి పద్దు పుస్తకంలో బస్సు రాశాను,
అరటిపళ్లు రాశాను,
బొగోటా అని రాసి
ఎదురుగా ఎంత వేయాలో తోచక
పెన్ను మూత వెతుక్కుంటూ కూర్చున్నాను.
కింద పడక ఖాళీ.
ఈపాటికి ఎక్కడో పదో అంతస్తులో
బకెట్టు నింపుతూ ఉంటుంది.